మీవాళ్ళు సూది ఎందుకు వేయించుకోరు?

2021 ఎండాకాలంలో మమ్మల్ని ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. ఆఫీసులో పక్క కుర్చీ మిత్రుడు అడిగాడు. బడిలో తోటి టీచరమ్మ అడిగింది. సభల్లో మాతోపాటు వేదికెక్కే లౌకికవాది అడిగాడు. భుజాన టీకాల డబ్బా వేసుకుని గల్లీలోకి వొచ్చిన ఏఎన్ఎం అమ్మ అడిగింది. అందరిదీ ఒకటే మాట. "మీవాళ్ళు సూది ఎందుకు వేయించుకోరు?"

ఏఎన్ఎం అమ్మ అడిగితే మాకు కోపం రాలేదు. ఆమె ఎండలో తిరిగి, తలుపు తలుపూ తట్టి, తిట్లు తిని, చచ్చేవాళ్ళని చావకుండా ఆపాలని అడిగింది. మిగతావాళ్ళు అడిగినప్పుడు మాత్రం 'సూది' అనే మాటకంటే 'మీవాళ్ళు' అనే మాటే మాకు ఎక్కువ గుచ్చుకుంది. మేం అప్పటికే సూది వేయించుకుని చెయ్యి నొప్పితో కూర్చుని ఉన్నా సరే, ఆ ప్రశ్నకు మేమే జవాబుదారీ. దేశంలో ఏ మూల ఏ ముస్లిం ఏం చేసినా మాకే నోటీసు వొస్తుంది. ఇది మాకు కొత్త కాదు.

సరే, జవాబు చెప్తాం. మా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి మీకు చెప్పాల్సింది. ఇంకోటి మాకు మేం చెప్పుకోవాల్సింది. మొదటిది చెప్పకుండా రెండోదే చెప్తే తప్పంతా మాదేనని రాసుకుంటారు. రెండోది దాచి మొదటిదే చెప్తే మా ఖాలా చావులాంటి చావులు మళ్ళీ జరుగుతాయి. అందుకే రెండూ ఒకేచోట చెప్తున్నాం.

ముందు 2020 మార్చికి పోదాం.

మార్చి 13న కేంద్ర ఆరోగ్యశాఖ అధికారి ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని పత్రికలవాళ్ళకు చెప్పాడు. ఆ రోజుల్లోనే ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి కూడా జనం వెళ్ళారు. విదేశాలవాళ్ళు సర్కారు ఇచ్చిన వీసాలమీద, విమానాశ్రయాల్లోంచే దిగారు. గుంపులు కూడొద్దని ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చాక కూడా మర్కజ్ పెద్దలు జనాన్ని వెంటనే ఖాళీ చేయించకపోవడం తప్పే. దాన్ని మేం వెనకేసుకు రావడం లేదు. కాని ఆ రోజుల్లో ఇంకెక్కడా జనం కూడలేదా? తిరుమలలో మూడో వారం దాకా దర్శనాలు సాగాయి. పార్లమెంటు 23 దాకా నడిచింది. అదే 23న భోపాల్‌లో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది. 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలోకి వొచ్చి, నాలుగు గంటల వ్యవధిలో దేశానికి తాళం వేశాడు. తెల్లారి, లాక్‌డౌన్ మొదటి రోజునే, అయోధ్యలో విగ్రహం తరలింపు కార్యక్రమంలో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కూర్చున్నాడు. వీళ్ళలో ఎవరినీ 'దాక్కున్నారు' అనలేదు. వాళ్ళు 'చిక్కుకుపోయారు'. మావాళ్ళు మాత్రం 'దాక్కున్నారు'.

మార్చి 30న, మర్కజ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళలో ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాత్రి నుంచి మా బతుకు మారిపోయింది. టీవీల్లో 'కరోనా జిహాద్' అన్నారు. 'మానవ బాంబులు' అన్నారు. పళ్ళమీద ఉమ్ముతున్నారని పాత వీడియోలు తవ్వి తెచ్చారు. ఆరోగ్యశాఖ రోజూ సాయంత్రం చెప్పే లెక్కల్లో మాకొక వేరే గడి గీశారు. ఏప్రిల్ 18న చెప్పిన లెక్క మాకు ఇప్పటికీ గుర్తు. దేశం మొత్తంమీద 14,378 కేసులుంటే అందులో 4,291 తబ్లీగీకి సంబంధించినవన్నారు. అప్పట్లో పరీక్షలే అంతంతమాత్రం. ఉన్న పరీక్షల్ని ఎవరిని వెతికి వెతికి పట్టుకొచ్చి చేశారు? ఒక్క ఇంట్లోనే దీపం పట్టుకు వెతికి, దొంగలంతా ఆ ఇంట్లోనే ఉన్నారన్నట్టు ఉంది ఆ లెక్క. జబ్బుల చరిత్రలో వయసుకి గడి ఉంటుంది, ఊరికి గడి ఉంటుంది. మతానికి గడి గీసిన ఘనత మన ఆరోగ్యశాఖది.

ఏప్రిల్ 4న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఈ జబ్బుని ఏ మతానికీ అంటగట్టొద్దని విజ్ఞప్తి చేశాడు. మంచి మాటే. కాని అప్పటికే ఆ మాట వినిపించనంతగా టీవీలు అరుస్తున్నాయి. మా బస్తీలో అరటిపళ్ళ బండి తోసుకుని బతికే చిచ్చాని పక్క కాలనీ గేటు దగ్గర ఆపారు. పేరడిగారు. ముప్పై ఏళ్ళుగా ఆ కాలనీ పిల్లలు ఆయన పళ్ళే తిని పెద్దవాళ్ళయ్యారు. ఆ పిల్లల్లో ఒకడే అడిగాడు, "ఆధార్ కార్డు ఉందా?" అని. చిచ్చా బండి వెనక్కి తిప్పుకొచ్చి, పళ్ళు గల్లీలో పంచేసి, ఇంట్లో పడుకున్నాడు. ఆయనకు కరోనా రాలేదు. వొచ్చిన జబ్బుకి టీకా లేదు.

తర్వాత ఏమైంది? 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీలమీద పెట్టిన కేసులు కొట్టేసింది. వాళ్ళని బలిపశువుల్ని చేశారని చెప్పింది. డిసెంబర్ 15న ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయుల్ని నిర్దోషులుగా వదిలేసింది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులమీద ఉన్న 16 కేసుల్నీ కొట్టేసింది. ఐదేళ్ళు పట్టింది. మమ్మల్ని మానవ బాంబులన్న టీవీల్లో ఒక్కటైనా ఆ రాత్రి "మేం తప్పు చెప్పాం" అన్నదా? మాకు వేరే గడి గీసిన శాఖ దాన్ని చెరిపేస్తున్నానని ఎప్పుడైనా చెప్పిందా? ఆ ఏప్రిల్‌లోనే, జబ్బు తగ్గిన తబ్లీగీలు ఆస్పత్రుల్లో వరసకట్టి ప్లాస్మా ఇచ్చారు. ఎవరి ఒంట్లోకి ఎక్కిందో ఆ రక్తం. ఎక్కించుకునేముందు ఎవరూ మతం అడిగి ఉండరు.

ఈ గేటు దగ్గరి అవమానానికీ సూదికీ ఏం సంబంధం అంటారేమో. సంబంధం అక్కడే ఉంది. 2020లో మా గల్లీలోకి తెల్ల బట్టలవాళ్ళు వొచ్చారు. వెనక పోలీసులు వొచ్చారు. "ఢిల్లీ పోయొచ్చింది ఎవరు?" అని అడిగారు. కొందరిని బండెక్కించుకు పోయారు. వాళ్ళ ఫోటోలు, పేర్లు, ఇంటి నంబర్లు సాయంత్రానికి ఊరందరి ఫోన్లలో తిరిగాయి. ఇక మా గల్లీలో ఎవరికీ జ్వరం రాలేదు. అంటే, వొచ్చిన జ్వరం బయటికి రాలేదు. దగ్గుని కొంగులో దాచుకున్నారు. సరిగ్గా ఏడాది తర్వాత అవే తెల్ల బట్టలు అదే గల్లీలోకి వొచ్చి, "రండమ్మా, మీ మంచికే, చెయ్యి చాపండి" అన్నాయి. మీరైతే చాపుతారా?

మా ఖాలా చాపలేదు. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. షుగరుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ వేస్తున్నారని చెప్తే ఆమె అన్న మాట ఇది: "వొద్దు బేటా. పోయినేడు పట్టుకుపోవడానికొచ్చారు, ఈయేడు పొడవడానికొచ్చారు." మే నెలలో పోయింది. ఆమె గురించి తర్వాత చెప్తాం. ఆమె చావులో మా వాటా కూడా ఉంది.

ఈ భయం కరోనాతో పుట్టలేదు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, హర్యానాలోని ఉటావర్ అనే మేవ్ ముస్లింల ఊరిని పోలీసులు తెల్లవారుజామున చుట్టుముట్టారు. మగాళ్ళని బయటికి పిలిచి, పట్టుకుపోయి, బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించారు. ఆ ఏడాది అక్టోబర్‌లో ముజఫర్‌నగర్‌లో ఇదే బలవంతాన్ని ఎదిరించినవాళ్ళమీద కాల్పులు జరిగాయి. బలయింది ముస్లింలే కాదు. దేశం మొత్తంమీద 1976-77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాటిలో దళితులు, పేదలు, దిక్కులేనివాళ్ళు ఎందరో. ఆ తరం మగాళ్ళ జ్ఞాపకంలో సర్కారు డాక్టరు చేతిలో ఉండేది మందు కాదు, కత్తి. పాతికేళ్ళ తర్వాత పడమటి ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు తెస్తే, అవి పిల్లలు పుట్టకుండా చేసే చుక్కలని పుకారు పుట్టింది. పుకారు అబద్ధం. దాని వెనకున్న జ్ఞాపకం అబద్ధం కాదు.

2002లో దేశంలో 1,600 పోలియో కేసులొచ్చాయి. ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోనే. అందులో ముస్లిం పిల్లలు జనాభాకి మించి ఉన్నారు. అప్పుడూ ఇదే ప్రశ్న అడిగారు, 'మీవాళ్ళు ఎందుకు వేయించుకోరు' అని. కాని శాస్త్రజ్ఞులు లోతుకి వెళ్ళి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. చుక్కలు వేయించుకున్న పిల్లలకీ పోలియో వొస్తోంది. కిక్కిరిసిన ఇళ్ళు, మురిక్కాలవలు, ఆగని విరేచనాలు. ఆ పిల్లల పేగుల్లో చుక్కమందు మిగతా దేశంలో పనిచేసినట్టు పనిచేయడం లేదు. అంటే తప్పు తల్లి నమ్మకంలోనే లేదు, ఇంటిముందు మురుగులో కూడా ఉంది. మురుగు తీయాల్సినవాళ్ళు మతాన్ని తప్పుపట్టారు.

మరి పోలియో ఎట్లా పోయింది? పోలీసుల్ని పంపి కాదు. ఆ బస్తీ ఆడవాళ్ళనే పనిలో పెట్టుకున్నారు. వాళ్ళు ఇంటింటికీ పోయి కూర్చుని మాట్లాడారు. ఇమాములు మజీదు మైకుల్లో చెప్పారు. అలీగఢ్ విశ్వవిద్యాలయం, జామియా మిలియా, జామియా హమ్దర్ద్ లాంటి సంస్థలు నిలబడ్డాయి. మందుని కూడా మార్చారు, 2005లో ఒకసారి, 2010లో ఇంకోసారి. 2009లో 741 కేసులు. 2010లో 42. 2011లో ఒక్కటి. ఆ ఒక్కటీ జనవరి 13న, హౌరా జిల్లాలో, ఒక పేద ముస్లిం ఇంటి పాపకి. అదే ఆఖరు. 2014 మార్చి 27న ఈ ప్రాంతం మొత్తం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 'వేయించుకోనివాళ్ళు' వేయించుకుంటేనే కదా దేశం గెలిచింది? ఆ గెలుపులో మమ్మల్ని లెక్కపెట్టినవాళ్ళెవరు?

మతమే కారణమని ఇంకా అనేవాళ్ళు మన ఖమ్మం జిల్లాకి రావాలి. 2009లో అక్కడ మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా అంటూ సూదులు వేశారు. చాలామంది హాస్టళ్ళలో చదివే గిరిజన పిల్లలు. అమెరికా సంస్థ ఒకటి, మన వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. అమ్మానాన్నలకి చెప్పలేదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2,763 అంగీకార పత్రాలమీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు, బడి పెద్దలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణమని తేలలేదు. అది చెప్పకపోతే మేమూ పుకారు పుట్టించినవాళ్ళమే అవుతాం. కాని బిడ్డ చెయ్యి తల్లిని అడక్కుండా పట్టుకున్నారు. ఆ తల్లికి ఇంకోసారి టీకా అంటే నమ్మకం ఎట్లా కలుగుతుంది? ఆమె కోయ ఆమె. ఆమెకు ఏ మౌల్వీ ఫత్వా ఇచ్చాడు?

2021 నవంబర్‌లో, టీకా వెనకబడిన నలభైకి పైగా జిల్లాల కలెక్టర్లతో ప్రధాని మాట్లాడాడు. జార్ఖండ్, మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్, మేఘాలయ, మహారాష్ట్ర జిల్లాలవి. చాలావరకు అడవులు, కొండలు, ఆదివాసుల ఊళ్ళు. వాళ్ళని 'మీవాళ్ళు' అని ఎవరూ మమ్మల్ని అడగలేదు. ఆ జిల్లాల్ని పటంలో పెట్టి చూడండి. టీకా చేరనిచోట్ల అంతకుముందు చేరనివి ఏమేమిటో కనబడతాయి. రోడ్డు, డాక్టరు, గౌరవం.

ఇక మీ ఇళ్ళలోకి ఒకసారి తొంగి చూద్దాం. కోపగించుకోవద్దు, మీరు మా ఇళ్ళలోకి చూసినట్టే. 2020 మార్చి 14న ఢిల్లీలో హిందూ మహాసభవాళ్ళు గోమూత్రం విందు చేశారు. ఆ నెలలోనే మన ముఖ్యమంత్రులిద్దరూ, అక్కడ కేసీఆర్, ఇక్కడ జగన్, పారాసిటమాల్ చాలన్నారు. 2021 ఫిబ్రవరిలో బాబా రాందేవ్ కరోనిల్ ప్రచార సభలో కేంద్ర ఆరోగ్యమంత్రే, ఆయనా ఒక డాక్టరే, వేదికమీద కూర్చున్నాడు. ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాలో లక్షలమంది మునిగారు. దాన్ని మర్కజ్‌తో పోల్చొద్దని, గంగమ్మ చూసుకుంటుందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అన్నాడు. మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకోసం ఎక్కడెక్కడినుంచో అంబులెన్సుల్లో వొచ్చి మరీ జనం తొక్కిసలాడారు. టీకా కేంద్రానికి పోనివాళ్ళు కూడా ఆ మందుకి పోయారు. మేం ఆనందయ్యని తిట్టడం లేదు. ఆస్పత్రిలో మంచం దొరకనివాడు ఆకు పసరు దగ్గరికి పోతాడు. ఆ నిస్సహాయత మాకు అర్థమవుతుంది. మేం అడిగేది ఒక్కటే. ఆ గుంపుని చూపించి, మిత్రమా, నిన్నెవరైనా "మీవాళ్ళెందుకిట్లా?" అని అడిగారా? అడగరు. నీకు 'మీవాళ్ళు' లేరు. నువ్వు 'జనం'. మేం మాత్రం 'మీవాళ్ళం'.

నాయకత్వం సంగతికొద్దాం. జనం టీకాని నమ్మాలంటే ముందు దాన్ని ఇచ్చే చేతిని నమ్మాలి. ఆ చెయ్యి ఏం చేసింది? మొదట పళ్ళాలు కొట్టమంది. తర్వాత దీపాలు పెట్టమంది. 2021 జనవరి 3న కొవాగ్జిన్‌కి అనుమతిచ్చింది. హైదరాబాద్ పక్కన జినోమ్ వ్యాలీలో మన శాస్త్రజ్ఞులు తయారుచేసిన టీకా అది. మాకూ గర్వమే. కాని మూడో దశ ప్రయోగాల ఫలితం ఇంకా రాకముందే, 'క్లినికల్ ట్రయల్ పద్ధతిలో' అంటూ అనుమతిచ్చి, వేసుకునేవాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నారు. రెండు నెలలాగి ఫలితం చూపించి ఇచ్చుంటే ఎవరికీ అనుమానం ఉండేది కాదు. తర్వాత ఆ టీకా మంచిదేనని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబర్ 3న దాన్ని గుర్తించింది. మంచి టీకాని కూడా అనుమానాల పాలుచేసిన నాయకత్వం ఇది. ప్రశ్నించిన డాక్టర్లని దేశద్రోహుల్లా చూశారు. కొవిషీల్డ్‌తో బహు అరుదుగా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని ఐరోపాలో 2021 వసంతంలోనే బహిరంగంగా చర్చించి, వయసుల వారీగా జాగ్రత్తలు చెప్పారు. మా గల్లీకి ఆ సంగతి వాట్సాప్‌లో, నూరింతలు పెరిగి వొచ్చింది. సర్కారే ముందుగా చెప్పుంటే పుకారుకి చోటు ఉండేదా?

జనవరి 28న దావోస్ సభకి, మేం మహమ్మారిని జయించామన్నట్టు ప్రధాని చెప్పుకున్నాడు. ఏప్రిల్ 17న అసన్‌సోల్ ఎన్నికల సభలో ఇంత జనాన్ని ఎప్పుడూ చూడలేదని మురిసిపోయాడు. ఆ వారాల్లోనే శ్మశానాల్లో చోటు లేదు. మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని సర్కారే చెప్పింది. జూలైలో రాజ్యసభలో మాత్రం, ఆక్సిజన్ లేక చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా చెప్పలేదన్నారు. 2020, 21 రెండేళ్ళలో సర్కారు లెక్క 4.8 లక్షల చావులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 47 లక్షలు. సర్కారు ఆ లెక్క కట్టిన పద్ధతి తప్పంది. సరే, మీ లెక్కే చూపించండి, ఊరి ఊరి శ్మశానం, కబరస్తాన్ లెక్క చూపించండి. చచ్చినవాళ్ళని లెక్కపెట్టని చెయ్యి బతికున్నవాళ్ళని "నన్ను నమ్ము" అంటే ఎట్లా?

టీకా ధర చూడండి. ప్రపంచమంతా ఊరికే వేస్తుంటే మే 1 నుంచి 18-44 ఏళ్ళవాళ్ళ భారాన్ని రాష్ట్రాలమీద, జేబులమీద వేశారు. ప్రైవేటు ఆస్పత్రులకి కొవిషీల్డ్ 600, కొవాగ్జిన్ 1,200. స్మార్ట్‌ఫోన్‌లో పేరు రాసుకోవాలి. మా ఖాలాకి ఉన్నది మీటల ఫోను. ఆ పద్ధతి పైకి చూడగానే అహేతుకంగా ఉందని సుప్రీంకోర్టు అన్నాక, జూన్ 7న ప్రధాని మాట మార్చి, 21 నుంచి అందరికీ ఉచితమన్నాడు. వేసుకున్నవాళ్ళకిచ్చే కాగితంమీద ఎవరి బొమ్మ ఉంది? వేసిన నర్సు బొమ్మ కాదు, కనిపెట్టిన శాస్త్రజ్ఞుడి బొమ్మ కాదు. మా బస్తీలో చాలామంది ఆ కాగితం చూసి, ఈ సూది ఆయనదేననుకున్నారు. మాకు నిజంగా నష్టం చేసింది ఆ బొమ్మే. ఆయనంటే భయపడేవాళ్ళు సూదికీ భయపడ్డారు.

ఇది మీకు చెప్పాల్సిన జవాబు. ఇక మాకు మేం చెప్పుకోవాల్సింది.

భాయిజాన్‌లారా, ఆపాజాన్‌లారా, సూది ఆయనది కాదు. సర్కారు మీద కోపంతో సూది మానేస్తే సర్కారుకి పోయేదేమీ లేదు. పోయేది మనమే. చావు మనల్ని చంపితే అది తిరుగుబాటు అవదు. మనల్ని లెక్కలో లేకుండా చేయాలనుకున్నవాడి పని సులువవుతుంది, అంతే.

టీకాలో పంది కొవ్వుందని వాయిస్ మెసేజీలు తిరిగాయి. మన దేశంలో వేసిన టీకాల్లో అది లేదు. ఉన్నా సరే, ప్రాణం కాపాడే మందు విషయంలో అభ్యంతరం లేదని ఎమిరేట్స్ ఫత్వా మండలి 2020 డిసెంబర్‌లోనే చెప్పింది. రంజాన్ నెలలో సూది వేయించుకుంటే రోజా పోదని మన ఉలమాలే చెప్పారు. 2021లో హజ్ చేయనిచ్చిందే టీకా వేయించుకున్నవాళ్ళని. మక్కాలో అడ్డం రానిది మన గల్లీలో ఎందుకు అడ్డమొచ్చింది? ఒంటెని కట్టేసి అల్లామీద భారం వేయమన్నది మన ప్రవక్త నేర్పిన సంగతే కదా? మహమ్మారి ఉన్న ఊళ్ళోకి పోవొద్దు, ఆ ఊళ్ళోంచి బయటికి రావొద్దు అని మనకు పధ్నాలుగు వందల ఏళ్ళ కిందటే చెప్పలేదా? అది మర్కజ్ పెద్దలకి ఎందుకు గుర్తు రాలేదని కూడా అడగాల్సింది మనమే. వేరేవాళ్ళు అడిగితే అది నింద. మనం అడిగితే అది బాధ్యత.

టీకా కాఫిర్ల కుట్ర అన్నవాడికి చరిత్ర తెలియదు. మశూచిని, తట్టుని వేరు చేసి రాసిన తొలి వైద్యుడు అల్ రాజీ మనవాడు. మశూచి రాకుండా దాని రసితోనే అంటు వేసే పద్ధతిని 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్ళకి చేర్చిన లేడీ మేరీ మాంటేగ్ దాన్ని చూసింది టర్కీలో, అక్కడి ముసలమ్మల చేతుల్లో. కరోనాకి తొలి ఎంఆర్‌ఎన్ఏ టీకా తెచ్చిన జర్మనీ కంపెనీని పెట్టిన భార్యాభర్తలు ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ త్యురేజి టర్కీ వలస కుటుంబాలవాళ్ళు. అక్కడ వలస కూలీ కొడుకు టీకా కనిపెడితే, ఇక్కడ మనం టీకాయే వొద్దని తలుపులు వేసుకున్నాం. తలుపు వేసిందీ ఎక్కువగా మగాళ్ళే. తాము బజారుకి పోవాలి కాబట్టి వేయించుకుని, ఇంట్లో ఆడవాళ్ళకి "నువ్వెక్కడికి పోతావ్, నీకెందుకు?" అన్నవాళ్ళు మనలో లేరా?

ఇప్పుడు ఖాలా సంగతి. ఆమెను ఆపింది సర్కారు మీద భయం ఒక్కటే కాదు. మా చుట్టాలబ్బాయి ఒకడు ఆమెకు ఫోన్లో ఒక మెసేజీ వినిపించాడు. సూది వేయించుకున్నవాళ్ళు రెండేళ్ళలో పోతారని. అది మేమూ విన్నాం. చదువుకున్నవాళ్ళం, వ్యాసాలు రాసేవాళ్ళం, విని నవ్వుకున్నాం. ఆమె పక్కన కూర్చుని అది అబద్ధమని చెప్పలేదు. చెప్తే మౌల్వీసాబ్‌తో, చుట్టాలతో గొడవ. బయట హిందూత్వవాళ్ళు ఇంత కొడుతుంటే లోపల మనం మనల్ని విమర్శించుకోవడం ఇప్పుడు అవసరమా అని మాకు మేం సర్దిచెప్పుకున్నాం. మే నెలలో ఆమెకు ఆయాసం మొదలైంది. రెండు ఆస్పత్రులు మంచం లేదన్నాయి. మూడోచోట వరండాలో దొరికింది. అక్కడా ఎవరో "ఎక్కడికైనా పోయొచ్చారా?" అని అడిగారు. బీడీలు చుట్టే మనిషి ఎక్కడికి పోతుంది? మూడో రోజు తెల్లారేసరికి పోయింది. జనాజాకి ఐదుగురం. గుస్ల్ చేయడానికి కూడా దగ్గరికి రానివ్వలేదు. ఆ మెసేజీ వినిపించిన కుర్రాడు కబరస్తాన్ గేటు బయట నిలబడి ఏడ్చాడు. వాడు తర్వాతి వారమే సూది వేయించుకున్నాడు. మేం వాడిని ఏమీ అనలేదు. అనడానికి మాకు ముఖం లేదు. వాడు అబద్ధాన్ని నమ్మి చెప్పాడు. మేం నిజం తెలిసీ చెప్పలేదు.

ఆ మే నెలలోనే ఎన్నో ఊళ్ళలో మా కుర్రాళ్ళు, చుట్టాలు ముట్టుకోని హిందూ శవాల్ని మోసుకెళ్ళి వాళ్ళ పద్ధతిలోనే దహనం చేశారు. వడోదరలో మజీదుని కోవిడ్ ఆస్పత్రి చేసి మంచాలు వేశారు. మా ఊళ్ళో ఏఎన్ఎం అమ్మ చివరికి మజీదు వరండాలోనే కుర్చీ వేసుకుంది. ఇమాంసాబ్ అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచాడు. ఆ రోజు వరసలో ఆడవాళ్ళు ఎక్కువ. పోలీసు లేడు, టీవీ లేదు, గడి లేదు. పేరు, వయసు, చెయ్యి. అంతే అడిగారు, అంతే ఇచ్చాం.

ఇంకో మహమ్మారి వొస్తుంది. ఎప్పుడో తెలియదు, రావడం ఖాయం. అది వొచ్చేలోపు మేం అడిగేవి ఇవి. జబ్బు లెక్కల్లో మతం గడి ఇంకెప్పుడూ గీయబోమని సర్కారు మాటివ్వాలి. 2020లో చేసినదానికి తప్పయిందని చెప్పాలి. ప్రయోగాల ఫలితాలు, దుష్ఫలితాలు దాచకుండా, తెలుగులో, ఉర్దూలో, కోయలో, గోండీలో జనానికి చెప్పాలి. మా గల్లీకి మా గల్లీ ఆడపిల్లనే ఆశా వర్కరుగా పెట్టాలి. చనిపోయినవాళ్ళని లెక్కపెట్టాలి. ఇవి అడిగి తీరతాం. వీటిలో ఒక్కటీ జరక్కపోయినా సూది మాత్రం వేయించుకుంటాం. వేయించుకుని, ఆ చెయ్యే ఎత్తి అడుగుతాం.

ఇక లౌకిక మిత్రులకి ఒక మాట. ఈసారి మా గురించి దిగులుపడితే "మీవాళ్ళు సూది ఎందుకు వేయించుకోరు?" అని అడగొద్దు. "మనవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలారా?" అని అడగండి. మేమే దగ్గరుండి ఇంటింటికీ తీసుకెళ్తాం. ఖాలా ఇంటిముందు నుంచే మొదలుపెడతాం.